వూహాన్ వారి గురుత్వ స్థిరాంకం: ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఒక సంఖ్య కంఠస్థమై ఉంటుంది. గురుత్వాకర్షణ స్థిరాంకం, అనగా పెద్ద ‘జి’, విలువ ఎంత అని అడిగితే 6.67 × 10⁻¹¹ అని తడుముకోకుండా అప్పజెప్తాడు. ఆ 6.67 తరువాత వచ్చే అంకె ఏమిటని అడిగితే మాత్రం ఉపాధ్యాయుడు సైతం ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది. తరువాతి అంకె 4 అని చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకుంటారు. ఆ పై అంకె దగ్గరకు వచ్చేసరికి వారిలో వారికే పొత్తు కుదరదు. రెండు శతాబ్దాలకు పైగా కొలుస్తూ వస్తున్న రాశి ఇట్లా ఉండటం ఆశ్చర్యమే.

2018 ఆగస్టు నెలలో ‘నేచర్’ పత్రికలో ఈ స్థిరాంకాన్ని గూర్చి ఒక పరిశోధన పత్రం వెలువడింది. చైనాలో వూహాన్ నగరంలో ఉన్న హ్వాజోంగ్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం వారు చేసిన పని అది. పత్రంలో ఒక విలువ కాదు, రెండు విలువలు ఉన్నవి. మొదటి పద్ధతిలో వచ్చినది 6.674184, రెండవ పద్ధతిలో వచ్చినది 6.674484. రెండింటినీ 10⁻¹¹ చేత గుణించుకోవలె. ఒక్కొక్కదాని అనిశ్చితత్వం 0.000078, అంటే పది లక్షల్లో 12 పాళ్ళకు కొంచెం తక్కువ. అప్పటివరకు ఎవరూ ఇంత తక్కువ అనిశ్చితత్వంతో ఈ రాశిని కొలిచి ఉండలేదు. వార్తాపత్రికలు ఈ సంగతిని ‘ప్రపంచంలోకెల్లా ఖచ్చితమైన కొలత’ అని ప్రకటించినవి. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ రెండు విలువలూ ఒకదానితో ఒకటి కలవడం లేదన్న మాట చాలా వార్తల్లో చివరి పంక్తులకు నెట్టివేయబడింది, కొన్నింటిలో అసలు కనిపించనే లేదు. పత్రం విలువంతా ఆ కలవకపోవడంలోనే ఉన్నది.

ఈ విశ్వవిద్యాలయాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొని ముందుకు పోవచ్చును. 1953లో హ్వాజోంగ్ ఇంజనీరింగ్ విద్యాలయం పేరుతో ఇది ఏర్పడింది. దేశమంతటా ఉన్నత విద్యను పునర్వ్యవస్థీకరించిన ఆ కాలంలో, చుట్టుపట్ల ఉన్న కొన్ని విశ్వవిద్యాలయాల ఇంజనీరింగ్ శాఖలను ఒకచోట చేర్చి దీన్ని నిలబెట్టినారు. 1907లో ఎరిక్ పౌలున్ అనే జర్మన్ వైద్యుడు షాంఘైలో నెలకొల్పిన వైద్య పాఠశాల క్రమంగా పెరిగి, 1950ల్లో వూహాన్‌కు తరలి, తోంగ్జీ వైద్య విశ్వవిద్యాలయం అయింది. 2000లో ఈ రెండింటినీ, ఒక పట్టణ నిర్మాణ విద్యాలయాన్నీ కలిపివేసినారు. నేడు ఇంజనీరింగులోను, వైద్యంలోను చైనాలో పేరెన్నికగన్న పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇది ఒకటి. అయస్కాంత క్షేత్రాన్ని రెప్పపాటు కాలం పాటు 90 టెస్లాలకు మించి లేపగలిగిన ప్రయోగశాల కూడా ఇక్కడ ఉన్నది. ఇవన్నీ ధనమూ, యంత్రాలూ, మనుషులూ పుష్కలంగా ఉంటే సాధ్యమయ్యేవి. గురుత్వ స్థిరాంకం కొలిచే పని అట్టిది కాదు. డబ్బు పోసినంత మాత్రాన అది లొంగదు. అందుకు కారణం తెలిస్తేగాని వూహాన్ వారి పని మంచిచెడ్డలు తెలియవు.

చెరి ఒక కిలోగ్రాము బరువున్న రెండు గోళాలను కేంద్రాల మధ్య పది సెంటీమీటర్ల దూరం ఉండేటట్లు పెట్టినామనుకొందాం. న్యూటన్ సూత్రం ప్రకారం వాటి మధ్య ఆకర్షణ బలం 6.67 × 10⁻⁹ న్యూటన్లు. ఇది ఒక గ్రాములో పదిలక్షవ వంతు బరువులో సుమారు మూడింట రెండు వంతులు. ఈ అల్పబలాన్ని కొలిస్తే చాలదు, అందులో మళ్ళీ పది లక్షల్లో పన్నెండో పాలు తేడా కూడా పట్టుకోవలె. పైగా గురుత్వాకర్షణకు తెర అంటూ లేదు. విద్యుత్ క్షేత్రాన్ని లోహపు పెట్టెతో అడ్డుకోవచ్చు. ప్రక్క గదిలో నడిచే మనిషి ఆకర్షణను ఏ పెట్టె అడ్డుకుంటుంది? ప్రకృతిలోని తక్కిన స్థిరాంకాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటవి కనుక ఒకదాన్ని కొలిస్తే మరొకటి సరిచూసుకోవచ్చు. ‘జి’ ఏ ఇతర స్థిరాంకంతోను బంధుత్వం కలుపుకోలేదు. ఎలక్ట్రాను ద్రవ్యరాశి పది అంకెల దాకా తెలిసిన ఈ కాలంలో ‘జి’ ఐదో అంకె దగ్గర కొట్టుకులాడటానికి కారణం ఇదే.

1798లో హెన్రీ కావెండిష్ చేసిన ప్రయోగం అందరూ ఎరిగినదే. ఒక కర్ర చివర్లకు రెండు చిన్న సీసపు గోళాలు కట్టి, కర్రను మధ్యలో సన్నని తీగతో వ్రేలాడదీసి, ప్రక్కన రెండు పెద్ద సీసపు గోళాలు ఉంచి, తీగ ఎంత మెలితిరిగిందో ఆయన చూచినాడు. ఈ పరికరాన్నే విమోటన లోలకం అంటారు. పాఠ్యపుస్తకాలు చెప్పినట్లు ఆయన ‘జి’ని లెక్కకట్టలేదు, భూమి సాంద్రతను లెక్కకట్టినాడు. నీటికి 5.48 రెట్లు అని వ్రాసినాడు. తరువాత ఫ్రాన్సిస్ బెయిలీ ఆ లెక్కలను తిరగవేసి చూడగా కూడికలో తప్పు దొరికింది, సరైన సగటు 5.448. నేటి విలువ 5.51. అంటే కావెండిష్ నూటికి ఒకటి చిల్లర తేడాలో ఉన్నాడు. అంతటివాడి లెక్కనూ తరువాతివారు తిరగవేయవలసి వచ్చిందన్న సంగతి వూహాన్ కథకు కూడా వర్తిస్తుంది.

వూహాన్ వారి ప్రయోగశాల విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే, యూజ్యా కొండ కింద తొలిచిన గుహలో ఉన్నది. తీగ బిరుసుతనం ఉష్ణోగ్రతతో మారుతుంది. కొండ కింద అయితే రోజు మొత్తం మీద ఉష్ణోగ్రత మార్పు అత్యల్పం, వీధిలో తిరిగే బండ్ల అదురు కూడా తక్కువ. 1980ల నుంచి లువో జున్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు ఇక్కడ పని చేస్తూ వచ్చినారు. వారి మొదటి ముఖ్యమైన ఫలితం 1999లో వెలువడింది. విలువ 6.6699, అనిశ్చితత్వం 0.0007. అనగా పది లక్షల్లో 105 పాళ్ళ తేడాకు తాము జవాబుదారులమని వారు చెప్పుకొన్నారు.

ఆరేళ్ళ తరువాత, 2005లో, అదే బృందం తన కొలతను తానే దిద్దుకొన్నది. దిద్దిన విలువ 6.6723. మొదట చెప్పిన దానికీ, దీనికీ మధ్య తేడా పది లక్షల్లో సుమారు 360 పాళ్ళు. అంటే వారు ఒప్పుకొన్న అనిశ్చితత్వానికి మూడు రెట్లకు మించిన దోషం లోపల దాగి ఉన్నదన్నమాట. ఆ దోషం ఎక్కడిదో ఉపాధ్యాయులు తరగతిలో వివరించదగినంత సులభమైనది కనుక కొంచెం నిలిచి చూడవచ్చును.

ఆ ప్రయోగంలో ఆకర్షించే వస్తువులు రెండు ఉక్కు స్తూపాలు. స్తూపాలు ఉన్నప్పుడు ఒకసారి, తీసివేసినప్పుడు మరొకసారి లోలకం డోలనావర్తన కాలాన్ని కొలిచినారు. తీసివేసినప్పుడు అక్కడ శూన్యం ఏర్పడిందా? లేదు, స్తూపం ఉన్న చోటులోకి గాలి వచ్చి చేరింది. ఆ గాలికీ ద్రవ్యరాశి ఉన్నది, అదీ లోలకాన్ని ఆకర్షిస్తుంది. కాబట్టి నిజంగా మారినది స్తూపం ద్రవ్యరాశి మొత్తం కాదు, దానిలో నుంచి అంతే ఘనపరిమాణం గల గాలి ద్రవ్యరాశిని తీసివేయగా మిగిలినది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, గాలి 0.0012 గ్రాములు. భాగించి చూస్తే పది లక్షల్లో 150 పాళ్ళు వస్తుంది. నీటిలో మునిగిన వస్తువు బరువు కోల్పోతుందని ఎనిమిదో తరగతిలో చెప్పే ఆర్కిమెడీసు సూత్రం, మారువేషంలో వచ్చి ఒక గొప్ప ప్రయోగాన్ని తప్పుదారి పట్టించింది. మిగిలిన దోషానికి కారణం ఉక్కు లోపల సాంద్రత అంతటా ఒకే తీరుగా లేకపోవడం. స్తూపం ఆకారానికి నడిబొడ్డు ఒకచోట, ద్రవ్యరాశి కేంద్రం దానికి కొన్ని మైక్రానుల దూరంలో మరొకచోట ఉన్నవి. దూరవర్గానికి విలోమంగా మారే బలం విషయంలో ఆ కొద్ది మైక్రానులే ఎక్కువ.

దోషం దొరికిన తరువాత దాన్ని పత్రికకెక్కించడం గొప్ప విషయమా అని ఎవరైనా అడగవచ్చు. గొప్ప విషయమే. 1999 విలువ అప్పటికే అంతర్జాతీయ పట్టికలకు ఎక్కింది. ఎవరూ వేలెత్తి చూపకపోతే ఊరకే ఉండిపోవచ్చును. ఉండలేదు. అయితే ఇందులో విమర్శకు కూడా తావున్నది. గాలి సంగతి ముందే తోచదగినది. కావెండిష్ తన వ్యాసంలో గాలి ప్రవాహాల మాట, ఉష్ణోగ్రత మాట పేజీలకొద్దీ ఎత్తినాడు. రెండు శతాబ్దాల తరువాతి వారు గాలి ద్రవ్యరాశిని మరచిపోవడం, అనిశ్చితత్వపు పట్టికలో ఒక గడి ఖాళీగా వదిలివేయడం చిన్న పొరపాటు అనిపించుకోదు. అనిశ్చితత్వం అనేది తెలిసిన దోషాల లెక్క. తెలియని దోషానికి ఆ పట్టికలో గడి ఉండదు. 105 పాళ్ళని వ్రాసినవారికి 360 పాళ్ళ దోషం కనిపించకపోవడం ఇందుకే.

2009లో వారు మరొక ఫలితం ప్రకటించినారు: 6.67349, అనిశ్చితత్వం పది లక్షల్లో 26 పాళ్ళు. ఈసారి స్తూపాలకు బదులు గోళాలు వాడినారు. గోళం అయితే కేంద్రం ఎక్కడున్నదో తేల్చడం తేలిక, త్రిప్పి పెట్టి మళ్ళీ కొలవవచ్చు. ఇందులో మరొక చిక్కు తీగది. 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు కురోడా ఒక సంగతి బయటపెట్టినాడు. తీగ ఆదర్శ స్ప్రింగులాగా ప్రవర్తించదు. ఎంత వేగంగా మెలితిరిగితే బిరుసుతనం అంత కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఆవర్తన కాలాన్ని బట్టి ‘జి’ని కట్టే పద్ధతిలో ఈ గుణం వల్ల విలువ ఉన్నదానికంటె ఎక్కువగా వస్తుంది. ఎంత ఎక్కువ అనేది తీగ నాణ్యతాంకాన్ని బట్టి ఉంటుంది. వూహాన్ వారి టంగ్‌స్టన్ తీగ నాణ్యతాంకం సుమారు 1,700. దాన్ని ‘పై’తో గుణించి, వచ్చిన దాని విలోమం తీసుకొంటే పది లక్షల్లో దాదాపు 190 పాళ్ళ దోషం. దీన్ని సిద్ధాంతం మీద వదిలివేయక వారు వేరే ప్రయోగం పెట్టి నేరుగా కొలిచి తీసివేసినారు. 2018 ప్రయోగంలో టంగ్‌స్టన్‌ను మాని సిలికా తీగలు వాడినారు. వాటి నాణ్యతాంకం పదుల వేలలో ఉంటుంది కాబట్టి ఆ దోషం కొద్ది పాళ్ళకు దిగిపోయింది.

ఇక 2018 నాటి రెండు పద్ధతులు. మొదటిది ఆవర్తన కాల పద్ధతి. గోళాలను లోలకం విశ్రాంతిగా నిలిచే దిశలో ఉంచితే ఆకర్షణ తీగకు తోడ్పడుతుంది, లోలకం వడిగా ఊగుతుంది. గోళాలను అడ్డదిశకు త్రిప్పితే నెమ్మదిస్తుంది. రెండు ఆవర్తన కాలాల తేడా నుంచి ‘జి’ వస్తుంది. రెండవది కోణీయ త్వరణ పద్ధతి. లోలకాన్ని తిరిగే బల్ల మీద వ్రేలాడదీసి, గోళాల ఆకర్షణ వల్ల లోలకం ముందుకు పోబోయినప్పుడల్లా బల్లనే అంత వేగంగా త్రిప్పి, తీగ మెలితిరగకుండా చేస్తారు. అప్పుడు బల్ల పొందిన కోణీయ త్వరణమే ఆకర్షణ ఇచ్చిన త్వరణం. తీగ మెలితిరగనే లేదు గనుక దాని గుణదోషాలతో పని లేదు. ఒక పద్ధతికి బలహీనమైన చోటు మరొక పద్ధతికి లేకుండా ఏరుకోవడం వివేకవంతమైన ఆలోచన. ఇంజనీరింగ్ విద్యాలయంగా పుట్టిన సంస్థకు ఇక్కడ తన పుట్టుక కలిసివచ్చింది. గోళాలను మైక్రానులో భాగాల వరకు గుండ్రంగా సానపట్టడం, కేంద్రాల దూరాన్ని మైక్రాను స్థాయిలో కొలవడం సూత్రం తెలిసినంత మాత్రాన వచ్చే విద్యలు కావు. ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఒక్క మైక్రాను పొరబడితే దూరంలో పది లక్షల్లో 5 పాళ్ళు, దూరవర్గం కాబట్టి బలంలో 10 పాళ్ళు తేడా వస్తుంది. మొత్తం అనుమతి 12 పాళ్ళే.

ఇంత చేసిన తరువాత వచ్చిన రెండు సంఖ్యల మధ్య తేడా 0.000300. అనగా పది లక్షల్లో 45 పాళ్ళు. మొదటి విలువ 6.674106కు, 6.674262కు మధ్య ఎక్కడో ఉండవలె. రెండవది 6.674406కు, 6.674562కు మధ్య ఉండవలె. ఈ రెండు పట్టీలూ ఒకదానినొకటి తాకవు. ఇక్కడ విద్యార్థులు తొందరపడకూడదు. శాస్త్రజ్ఞులు వ్రాసే అనిశ్చితత్వం అటు ఇటు గీసిన గోడ కాదు. నిజమైన విలువ మూడింట ఒక వంతు సందర్భాల్లో దాని వెలుపల పడవచ్చును. రెంటినీ కలిపి లెక్కిస్తే తేడా ప్రామాణిక విచలనానికి 2.7 రెట్లు. కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడం నూటికి ఒకసారి కంటె తక్కువ. కాబట్టి ఏదో ఒక ప్రయోగంలో, లేదా రెండింటిలోను, పట్టికకు ఎక్కని దోషం ఇంకా ఉన్నదని అనుమానించడమే న్యాయం. అది ఏమిటో పత్రం చెప్పలేకపోయింది.

పత్రం శీర్షికలో ‘స్వతంత్రమైన రెండు పద్ధతులు’ అనే మాట ఉన్నది. ఈ స్వతంత్రత ఎంతవరకు? పద్ధతుల వెనుక ఉన్న సూత్రాలు వేరు, నిజమే. కాని రెండింటిలోను తీగకు వ్రేలాడే లోలకమే, ఉక్కు గోళాలే. వాటిని కొలిచే పనితనమంతా ఒకే పరంపరలో పెరిగినది. రెండు పద్ధతులకూ ఉమ్మడిగా దోషం ఉంటే రెండు విలువలూ కలిసికట్టుగా ప్రక్కకు జరుగుతవి తప్ప వాటి మధ్య తేడాలో అది కనిపించదు. దీనికి నిదర్శనం పారిస్ దగ్గరి అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థ వారి ప్రయోగం. వారు 2001లో ఒకే పరికరంతో రెండు పద్ధతుల్లో కొలిచి 6.67559 అన్నారు. వారి రెండు పద్ధతులూ ఒకదానితో ఒకటి చక్కగా కలిసినవి. 2013లో మళ్ళీ కొలిచి 6.67545 అన్నారు. అది లోకంలోని తక్కిన విలువలన్నిటికంటె ఎక్కువగా, దూరంగా నిలిచిపోయింది. మరోవైపు 2010లో అమెరికాలో బౌల్డర్ వారు ప్రకటించినది 6.67234. పద్ధతులు కలిసినంత మాత్రాన విలువ సరైనదనీ చెప్పలేము, కలవనంత మాత్రాన పని చెడ్డదనీ అనలేము.

మరొక పోలిక ఇంకా చిక్కుగా ఉన్నది. కోణీయ త్వరణ పద్ధతిని 2000లోనే అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గుండ్లాక్, మెర్కోవిట్జ్‌లు వాడి 6.674215 అని ప్రకటించినారు. ఒకే పద్ధతి కాబట్టి వూహాన్ వారి రెండవ విలువతో ఇది కలవాలని ఎవరైనా అనుకొంటారు. కలిసినది మొదటి విలువతో! ఆవర్తన కాల పద్ధతిలో వచ్చిన 6.674184కు ఇది అతి దగ్గర. దోషం పద్ధతిలో కాక పరికరంలోనే ఎక్కడో ఉండవచ్చునని ఈ పోలిక సూచిస్తుంది. విమర్శకులు పట్టుకోవలసిన కొస ఇది.

వూహాన్ వారి విలువలను వరుసగా వ్రాసి చూస్తే ఇంకో అనుమానం కూడా రాకపోదు. 6.6699, 6.6723, 6.6735, చివరకు 6.6742. మెట్లెక్కినట్లు పైకి పోతున్నవి, లోకం ఒప్పుకొన్న విలువకు దగ్గరవుతున్నవి. లోకమంతా ఒప్పుకొన్న సంఖ్య ముందే తెలిసినవాడు, తన సంఖ్య దూరంగా వచ్చినప్పుడు దోషాలు వెదకుతాడు, దగ్గరగా వచ్చినప్పుడు వెదకడం మానేస్తాడు. మిల్లికన్ ఎలక్ట్రాను ఆవేశానికి ఇచ్చిన విలువ కొంత తక్కువ, గాలి స్నిగ్ధత సరిగా తీసుకోకపోవడం అందుకు కారణం. తరువాతివారి విలువలు ఒక్క గెంతులో కాక కొంచెం కొంచెంగా పైకి జరిగినవని చెప్పుకొంటారు. వూహాన్ వారి విషయంలో ఈ అనుమానం పూర్తిగా నిలవదు. 2005 దిద్దుబాటుకు వారు చూపిన కారణాలు ఎవరైనా లెక్కకట్టి సరిచూసుకోదగినవి. పైగా 2018లో వారి రెండవ విలువ ఒప్పుకొన్న విలువను దాటిపోయి పైకి వెళ్ళింది. అనుకూలంగా దిద్దుకొనే ఉద్దేశమే ఉంటే దాన్ని ప్రకటించడానికి ముందే ఆపి, ఇంకొక రెండేళ్ళు దోషాలు వెదకి, మొదటిదానికి దగ్గరకు తెచ్చుకొని ఉండవచ్చు. కనీసం రెండింటి సగటు తీసి ఒక్క సంఖ్యగా ప్రకటించి ఉండవచ్చు. సగటు 6.674334, చూడటానికి ముచ్చటగా ఉండేది. వారు ఆ పని చేయలేదు. కలవని రెండు సంఖ్యలనూ ప్రక్కప్రక్కనే పెట్టి లోకం ముందు ఉంచినారు. ఈ పత్రంలో మెచ్చుకోదగినది పది లక్షల్లో 12 పాళ్ళ కంటె ఇదే.

ఇంత చిన్న తేడాకు ఇంత చర్చ ఎందుకని అనుకోవచ్చు. కృత్రిమోపగ్రహాల గమనం నుంచి ‘జి’, భూమి ద్రవ్యరాశుల లబ్ధం వంద కోట్లలో రెండు మూడు పాళ్ళ మేరకు తెలుసు. ఉపగ్రహాలు నడపడానికి ఆ లబ్ధమే చాలు, విడిగా ‘జి’ అక్కరలేదు. కాని భూమి ద్రవ్యరాశి ఎంత అని కిలోగ్రాములలో అడిగితే లబ్ధాన్ని ‘జి’ చేత భాగించక తప్పదు. అప్పుడు ‘జి’లో ఉన్న సందేహమంతా భూమి బరువులోకి వచ్చి చేరుతుంది. భూమి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోగ్రాములు. వూహాన్ వారి మొదటి విలువతో ఒకసారి, రెండవ విలువతో ఒకసారి లెక్కిస్తే వచ్చే తేడా 2.7 × 10²⁰ కిలోగ్రాములు. ప్రపంచంలోని సముద్రాలన్నిటి నీరు 1.4 × 10²¹ కిలోగ్రాములు. అంటే ఒకే కొండ కింది గుహలో పుట్టిన రెండు సంఖ్యల మధ్య సముద్రజలంలో ఐదోవంతు పడుతుంది.

స్థిరాంకాల విలువలను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం, కోడేటా, ఈ తగవును ఎట్లా తీర్చిందో కూడా తెలుసుకోదగినది. 2014లో అది ఇచ్చిన విలువ 6.67408, అనిశ్చితత్వం పది లక్షల్లో 47 పాళ్ళు. వివిధ దేశాల విలువలు ఒకదానితో ఒకటి పొసగలేదు గనుక అందరి అనిశ్చితత్వాలనూ 6.3 రెట్లు పెంచి లెక్కించవలసి వచ్చింది. 2018లో వూహాన్ వారి రెండు విలువలనూ చేర్చుకొని 6.67430 అని నిర్ణయించింది. రెట్టింపు అంకె 3.9కి, అనిశ్చితత్వం 22 పాళ్ళకు తగ్గినవి. 2022 సవరణలోను ఈ విలువే నిలిచింది. ‘మీరు ఒప్పుకొన్న దోషం కంటె మీ దోషం నాలుగు రెట్లు ఉన్నదని భావిస్తున్నాము’ అని ప్రపంచంలోని మేటి ప్రయోగశాలలన్నిటికీ మర్యాదగా చెప్పడమే ఇది. వూహాన్ వారికి కూడా మినహాయింపు లేదు. ‘ప్రపంచంలోకెల్లా ఖచ్చితమైన కొలత’ అని వ్రాసిన పత్రికలు ఈ 3.9 మాట ఎత్తలేదు.

ఇంటర్మీడియట్ పుస్తకంలో ఖచ్చితత్వం, యథార్థత అని రెండు మాటలు ఉన్నవి. మళ్ళీ మళ్ళీ కొలిచినా ఒకే అంకె రావడం ఖచ్చితత్వం, ఆ అంకె నిజానికి దగ్గరగా ఉండటం యథార్థత. విద్యార్థులు ఈ నిర్వచనాలను పరీక్షలో రెండు మార్కులకు వ్రాసి మరచిపోతారు. వూహాన్ పత్రాన్ని చదివించితే ఆ మాటల అర్థం బోధపడుతుంది. ప్రయోగశాలలో మన పిల్లలు చేసే సరళ లోలకం సంగతి ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. గురుత్వ త్వరణం 980 రావాలని ముందే తెలుసు. 943 వస్తే రికార్డు పుస్తకంలో ఆవర్తన కాలాన్ని వెనుకనుంచి లెక్కించి దిద్దుతారు. అందరి రికార్డుల్లోను 979, 981 తప్ప మరొక అంకె కనిపించదు. 943 వ్రాసినవాడికి మార్కులు తగ్గించేవారు ఉన్నంత కాలం ఇది ఇట్లాగే జరుగుతుంది. పిల్లవాణ్ణి తప్పు పట్టి లాభం లేదు. దారం పొడవును గుండు పైభాగం దాకా కొలిచినాడా, కేంద్రం దాకా కొలిచినాడా అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ 943 నుంచే పాఠం మొదలుపెట్టవచ్చు. వూహాన్ వారి స్తూపం కేంద్రం కథ కూడా అదే జాతికి చెందినది.

విశ్వవిద్యాలయాలను ర్యాంకుల చేత, పత్రాల సంఖ్య చేత తూచే రోజులివి. హ్వాజోంగ్ విశ్వవిద్యాలయం ఆ తూకంలో బాగానే మొగ్గుతుంది, వైద్యం, ఇంజనీరింగ్ పత్రాలు వేలల్లో ఉంటవి. ఆ త్రాసులో 2005 నాటి దిద్దుబాటు పత్రం బరువు ఎంత? ఒక పత్రం, అంతే. మూడు దశాబ్దాలకు పైబడి గుహలో సాగిన పనికి ప్రధాన ఫలితాలు వ్రేళ్ళ మీద లెక్కించదగినన్ని మాత్రమే. ఏటేటా ఫలితాలు చూపమనే పాలకవర్గం ఉంటే ఈ పని పదేళ్ళకు ముందే మూతపడి ఉండేది. దాన్ని అంతకాలం పోషించినందుకు ఆ సంస్థను మెచ్చుకోవలె.

ఇక వారి నుంచి ఆశించవలసినది ఒకటి మిగిలి ఉన్నది. పారిస్ వారి పరికరాన్ని తరువాత అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థకు తరలించి, అక్కడివారు అదే పరికరంతో ఆ కొలతను మళ్ళీ చేపట్టినారు. తమ విలువ తక్కినవారితో కలవనప్పుడు, పరికరాన్ని పరాయివారి చేతిలో పెట్టడానికి పారిస్ వారు వెనుకాడలేదు. వూహాన్ వారి గోళాలూ, తిరిగే బల్లా ఇట్లాగే కొండ దిగి, 45 పాళ్ళ తేడా ఎక్కడిదో తెలియని, తెలుసుకోవాలనే పంతం గల వేరొక బృందం చేతికి వెళ్ళవలె. గోళాలను తక్కెడలో పెట్టి తూచడం దగ్గర నుంచి లెక్క మళ్ళీ మొదలుకావలె.